జీతం చీటీలోని కోతలు: ఏ కోడు దేనికి, ఆ డబ్బు ఎక్కడికి చేరుతుంది?

కృష్ణలంక వాసి | 6 జనవరి 2026, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక సంస్థలో నవంబరు ఒకటో తేదీన స్టోర్స్ అసిస్టెంటుగా చేరాను. ఇది నా మొదటి ఉద్యోగం. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో నెలకు 22,699 రూపాయలని ఉంది కాబట్టి, ఇంచుమించు ఇరవై మూడు వేలు వస్తాయని ఇంట్లో చెప్పి, చెల్లెలి కాలేజీ ఫీజు వాయిదా నేనే కడతానని మాట కూడా ఇచ్చాను. నవంబరు జీతంగా బ్యాంకులో పడింది 17,586 రూపాయలు. మొన్న పడిన డిసెంబరు జీతం 17,556 రూపాయలు. ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పనిచేసినా రెండో నెలలో ముప్పై రూపాయలు ఎందుకు తగ్గాయో, అసలు మొదటి నెలలోనే అయిదు వేలకు పైగా ఎక్కడికి పోయాయో నాకు అర్థం కావడం లేదు.

చీటీలో ఎడమ వైపు బేసిక్ 11,000, హెచ్‌ఆర్‌ఏ 4,400, ఎస్‌పీఎల్ అలవెన్స్ 3,800, గ్రాస్ 19,200 అని ఉన్నాయి. కుడి వైపు ఈపీఎఫ్ 1,320, ఈఎస్‌ఐ 144, పీటీ 150, ఎల్‌డబ్ల్యూఎఫ్ 30 అని ఉన్నాయి. పైభాగంలో యూఏఎన్ అని పన్నెండు అంకెలు, ఐపీ నంబరు అని పది అంకెలు, ఎల్‌ఓపీ డేస్ 0 అని ఉన్నాయి. జీతాల సెక్షన్‌లో అడిగితే అన్నీ గవర్నమెంటు కటింగులేనని చెప్పి పంపించారు. తెలిసినవారు ఎవరైనా వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

అరండల్‌పేట అకౌంటెంట్ | 6 జనవరి, రాత్రి 10.25

తమ్ముడూ, గుంటూరులో పదకొండు చిన్న సంస్థలకు నేనే జీతాల లెక్కలు చూస్తున్నాను. మీ చీటీలాంటివి ప్రతి నెలా నా చేతుల మీదుగా కొన్ని వందలు వెళతాయి. ముందుగా మీ మనసులోని పెద్ద ప్రశ్నకు జవాబు చెబుతాను. మీకు చెప్పిన 22,699 మీ జీతం కాదు. మీ కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. దాన్ని సీటీసీ అంటారు. మీ జీతం 19,200. మిగిలిన 3,499 రూపాయలు ఎలా వచ్చాయో లెక్క కడితే మీ కాగితంతో అణా పైసలతో సహా సరిపోతుంది. సంస్థ తన వాటాగా కట్టే పీఎఫ్, దాని బీమా, నిర్వహణ ఖర్చులతో కలిపి, బేసిక్ మీద 13 శాతం చొప్పున 1,430. ఈఎస్‌ఐలో సంస్థ వాటా గ్రాస్ మీద 3.25 శాతం చొప్పున 624. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, దాని కోసం 4.81 శాతం చొప్పున 529. బోనసు కోసం 8.33 శాతం చొప్పున 916. ఇవేవీ నెల నెలా మీ చేతికి రావు. వీటిలో బోనసు ఏడాదికి ఒకసారి వస్తుంది. గ్రాట్యుటీ మాత్రం మామూలుగా అయిదేళ్ళ సర్వీసు నిండిన తరువాతే అందుతుంది కాబట్టి, దాన్ని నెలసరి అంకెలో కలిపి చెప్పడం నాకు నచ్చదు. మా దగ్గరకు వచ్చే యజమానులకు కూడా నియామక పత్రంలో చేతికొచ్చే మొత్తాన్ని వేరే వరుసలో రాయండని చెబుతూనే ఉంటాను.

ఇక కుడి వైపు కోతల సంగతి.

ఈపీఎఫ్ అంటే భవిష్య నిధి. మీ బేసిక్ 11,000 మీద 12 శాతం చొప్పున 1,320 రూపాయలు మీ నుంచి పట్టుకున్నారు. అంతే మొత్తం సంస్థ కూడా కట్టాలి, అయితే సంస్థ వాటా రెండుగా చీలుతుంది. 8.33 శాతం, అంటే 916 రూపాయలు పింఛను పథకానికి వెళుతుంది. మిగిలిన 404 రూపాయలు మీ పీఎఫ్ ఖాతాలో చేరుతుంది. ఈ రెండూ కాక బీమాకు అర శాతం, నిర్వహణకు అర శాతం సంస్థే భరిస్తుంది. యూఏఎన్ అనేది మీ పీఎఫ్ సంఖ్య. ఉద్యోగం మారినా అది మారదు.

ఈఎస్‌ఐ అంటే రాజ్య బీమా. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా గ్రాస్ మీద 0.75 శాతం. మీకు అది 144 రూపాయలు. నెల వేతనం 21,000 దాటని వారికి ఇది వర్తిస్తుంది. ఐపీ నంబరు మీ బీమా సంఖ్య. మీకూ, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ గుణదలలోని ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం పొందే హక్కు ఈ సంఖ్య వల్లే వస్తుంది.

పీటీ అంటే వృత్తి పన్ను. 1987 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. నెల జీతం 15,000 వరకు పన్ను లేదు. 15,001 నుంచి 20,000 వరకు 150. ఆపైన ఎంత జీతమైనా 200. ఏ రాష్ట్రమైనా ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలకు మించి ఈ పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగమే హద్దు పెట్టింది.

ఇక మీ ముప్పై రూపాయలు. ఎల్‌డబ్ల్యూఎఫ్ అంటే కార్మిక సంక్షేమ నిధి. మన రాష్ట్రంలో ఏడాదికి ఒకే ఒక్కసారి, డిసెంబరు జీతంలో, ఉద్యోగి నుంచి 30 రూపాయలు పట్టుకుని, సంస్థ మరో 70 కలిపి కడుతుంది. జనవరి జీతంలో ఆ వరుస ఉండకూడదు. ఉంటే అడగండి.

కృష్ణలంక వాసి | 7 జనవరి, ఉదయం 7.40

అన్నగారూ, ధన్యవాదాలు. కాలిక్యులేటరు పెట్టుకుని మీరు చెప్పిన నాలుగు అంకెలూ కూడితే సరిగ్గా 3,499 వచ్చింది. నిన్నటి దాకా మోసపోయానేమోనన్న దిగులు ఉండేది, అది పోయింది. అయితే ఒక సందేహం మిగిలింది. సంస్థ వాటా పీఎఫ్‌ను కూడా నా ప్యాకేజీలోనే చూపించారు కదా, అంటే రెండు వాటాలూ నేనే కడుతున్నట్లు కాదా? అలా చేయవచ్చా?

పటమట కార్మికుడు | 7 జనవరి, ఉదయం 9.05

బాబూ, నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి, యూనియన్‌లో కూడా తిరిగినవాడిని. యజమాని తన వాటాను ఉద్యోగి జీతంలో నుంచి కోయకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మీ చీటీలో కుడి వైపు ఈపీఎఫ్ వరుస ఒక్కటే ఉండి, అందులో 1,320 మాత్రమే ఉంది కాబట్టి మీ గ్రాస్ నుంచి వారి వాటాను కోయలేదు. చేరేటప్పుడు చెప్పే అంకెలో దాన్ని కలిపి చూపడం వేరు, గ్రాస్‌లో నుంచి రెండుసార్లు తీయడం వేరు. రెండోది ఎక్కడ కనిపించినా ఊరుకోవద్దు.

కానీ మీ చీటీలో నాకు మరో సంగతి తగులుతోంది. మీ పీఎఫ్‌ను బేసిక్ 11,000 మీదనే లెక్క కట్టారు. ఆ 3,800 రూపాయల స్పెషల్ అలవెన్సును ఎందుకు వదిలేశారు? ఉద్యోగులందరికీ ఒకే తీరుగా, నెల నెలా ఇచ్చే అలవెన్సును బేసిక్‌లో భాగంగానే చూసి పీఎఫ్ కట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. ఆ లెక్కన 14,800 మీద 12 శాతం, అంటే 1,776 రూపాయలు కట్టాలి. మీకు నెలకు 456 తక్కువ జమ అవుతోంది, వారి వైపు నుంచి మరో 456 తక్కువ.

అరండల్‌పేట అకౌంటెంట్ | 7 జనవరి, మధ్యాహ్నం 1.15

పటమట అన్నగారు చెప్పింది నిజమే. నిన్న రాత్రి ఆ విషయం నేను ఎత్తకపోవడం పొరపాటే. ఆ అలవెన్సు అందరికీ ఇస్తున్నారా, లేక అదనపు పనికో, పనితనానికో కొందరికే ఇస్తున్నారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. చిన్న సంస్థలలో చాలావరకు అందరికీ ఇస్తారు, కేవలం పీఎఫ్ తగ్గించుకోవడానికే ఆ పేరుతో విడగొడతారు. దీనికి తోడు 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడు అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అందులో వేతనానికి ఒకే నిర్వచనం ఇచ్చారు. హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, వంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగానికి మించితే, మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. స్పెషల్ అలవెన్సు ఆ మినహాయింపుల జాబితాలో లేదు. మా యజమానులందరికీ లెక్కలు తిరగరాయమని డిసెంబరులోనే చెప్పాను.

అయితే ఉద్యోగుల వైపు మాట కూడా చెప్పాలి. 456 రూపాయలు ఎక్కువ కోస్తే చేతికొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. నెలాఖరు ఎలా గడుస్తుందో చూసుకునే పిల్లలు నా దగ్గరకే వచ్చి, సార్, పీఎఫ్ తక్కువ కోయించండి అని బతిమాలుతారు. వారి అవసరం నాకు తెలుసు కాబట్టి గట్టిగా కసరలేను.

పటమట కార్మికుడు | 7 జనవరి, సాయంత్రం 6.30

అకౌంటెంటు గారూ, అలా అడిగిన పిల్లలకు పింఛను సూత్రం కూడా చెప్పండి. పింఛను లెక్క కట్టేటప్పుడు చివరి అరవై నెలల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి, 70తో భాగిస్తారు. ఆ వేతనం 15,000కు మించి లెక్కలోకి రాదు. ఇప్పుడున్న అంకెల మీదే ముప్పై ఏళ్ళ సర్వీసు లెక్కలోకి వచ్చిందనుకుందాం. 11,000 మీద అయితే నెలకు సుమారు 4,714 రూపాయలు, 14,800 మీద అయితే సుమారు 6,343 రూపాయలు వస్తాయి. ఈ తేడా బతికున్నంత కాలం ఉంటుంది, తరువాత భార్యకు వచ్చే పింఛను మీద కూడా పడుతుంది. ఇవాళ చేతికి వచ్చే 456 రూపాయల కోసం వదులుకోవలసినది కాదని నా గట్టి నమ్మకం.

ఇంకొక మాట. పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా గురించి చీటీలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే అది ఉద్యోగి నుంచి కోయరు. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే కుటుంబానికి ఏడు లక్షల వరకు ఆ పథకం కింద వస్తుంది. నా పక్క లేతు మీద పనిచేసిన మనిషి గుండెపోటుతో పోయినప్పుడు, నామినీగా పెళ్ళికి ముందు రాసిన తల్లి పేరే ఉంది. పెళ్ళయిన తరువాత ఆ పాత నామినేషన్ చెల్లదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆయన భార్య ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎండలో తిరుగుతుంటే చూడలేక, నేను రెండు రోజులు సెలవు పెట్టి వెంట తిరిగాను. బాబూ, మీ యూఏఎన్‌తో లాగిన్ అయ్యి ఈ వారమే నామినీ పేరు పెట్టండి. పెళ్ళయిన మర్నాడు మళ్ళీ మార్చండి.

కొత్తపేట నర్సు | 8 జనవరి, రాత్రి 8.50

అందరికీ నమస్కారం. గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఈ చర్చ చదివాక మొదటిసారిగా నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, దాచుకున్న చీటీలను పక్కన పెట్టుకుని ఒక్కొక్క నెలా సరిచూశాను. ప్రతి చీటీలో ఈపీఎఫ్ 1,800 అని ఉంది. పాస్‌బుక్‌లో మాత్రం 2025 జులై జీతం తరువాత ఒక్క వరుస కూడా లేదు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, ఈ నాలుగు నెలలవి కలిపి నా జీతంలో నుంచి కోసిన 7,200 రూపాయలు ఎక్కడా కనిపించడం లేదు. మా వార్డులో మరో ముగ్గురివి చూస్తే వాళ్ళవీ అలాగే ఉన్నాయి. జూన్‌లో మా అమ్మాయి చదువు కోసం అడ్వాన్సు తీసుకోవాలనుకుంటున్నాను. అడిగితే ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

అరండల్‌పేట అకౌంటెంట్ | 8 జనవరి, రాత్రి 10.05

అమ్మా, భయపడకండి, కానీ ఆలస్యం కూడా చేయకండి. ఏ నెల పీఎఫ్ అయినా తరువాతి నెల 15వ తేదీలోగా సంస్థ కట్టాలి. డిసెంబరు జీతానికి సంబంధించినది ఇంకా గడువులోనే ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నవంబరుది డిసెంబరు 15 నాటికే జమ కావాలి కాబట్టి, ఆగస్టు నుంచి నవంబరు వరకు నాలుగు నెలలూ బకాయే. ఉద్యోగి జీతంలో నుంచి కోసి నిధికి కట్టకపోవడం మామూలు ఆలస్యం కాదు. చట్టం దృష్టిలో అది నమ్మకద్రోహం కిందకు వచ్చే నేరం. ఆలస్యానికి సంస్థ ఏడాదికి 12 శాతం వడ్డీ, దాని పైన నష్టపరిహారం కూడా కట్టవలసి ఉంటుంది. ఈ మాట యజమానికి తెలిసేలా చెబితే చాలాసార్లు పని అవుతుంది.

ముందు నలుగురూ కలిసి ఒక కాగితం మీద, మా పాస్‌బుక్‌లలో ఫలానా నెలలు కనిపించడం లేదు, కట్టిన చలానా వివరాలు ఇవ్వగలరు అని మర్యాదగా రాసి, జీతాల సెక్షన్‌లో ఇచ్చి, నకలు మీద సంతకం చేయించుకోండి. ఆ నాలుగు నెలల చీటీలను, జీతం పడినట్లు చూపే బ్యాంకు స్టేట్‌మెంటును జాగ్రత్త చేసుకోండి. చేతికి అందిన మొత్తంలో పీఎఫ్ కోత పోయిందని నిరూపించేవి ఆ రెండే. పది రోజులలో జవాబు రాకపోతే ఈపీఎఫ్‌ఓ (భవిష్య నిధి సంస్థ) వారి ఫిర్యాదుల వెబ్‌సైటులో యూఏఎన్‌తో ఫిర్యాదు నమోదు చేయండి. గుంటూరులోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది కాబట్టి నేరుగా వెళ్ళి కూడా కలవవచ్చు.

పాస్‌బుక్ తెరవడం రానివారి కోసం ఒక మాట. యూఏఎన్‌కు ముడిపడి ఉన్న ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిసారి జమ అయిన మొత్తం, నిల్వ మెసేజీగా వస్తాయి. మెసేజీ పంపి అడిగే పద్ధతిలో చివర తెలుగు కోసం టీఈఎల్ అనే మూడు అక్షరాలు చేర్చితే సమాచారం తెలుగులోనే వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

బీసెంట్ రోడ్డు సేల్స్ | 9 జనవరి, రాత్రి 11.20

ఆలస్యంగా రాస్తున్నాను, షాపు మూసేసరికి ఈ వేళ అవుతుంది. నేను చీరల సెక్షన్‌లో పనిచేస్తాను. గ్రాస్ 16,500. డిసెంబరు చీటీలో ఎల్‌ఓపీ 635, ఎస్‌హెచ్‌టీ 700, ఎఫ్ఐఎన్ఈ 200 అని మూడు వరుసలు ఉన్నాయి. ఒక్క రోజు సెలవుకు 16,500ను ముప్పైతో భాగిస్తే 550 కదా, 635 ఎలా కోశారు? ఎస్‌హెచ్‌టీ అంటే సరుకు తగ్గిందట, సెక్షన్‌లో ఉన్న ఆరుగురి మీదా సమానంగా వేశామన్నారు. ఫైను రెండుసార్లు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకట.

పటమట కార్మికుడు | 10 జనవరి, ఉదయం 6.55

అమ్మా, మూడింటికీ మూడు జవాబులు. ఎల్‌ఓపీ అంటే పనికి రాని రోజులకు జీతంలో కోత. 635 అంటే 26తో భాగించారు. పని చేయవలసిన రోజులలో ఎన్ని రోజులు రాలేదో ఆ నిష్పత్తికి మించి కోయకూడదని నియమం. వారపు సెలవులు తీసేస్తే నెలలో పని రోజులు 26 కాబట్టి అది తప్పని చెప్పలేము. కానీ మీకు మిగిలిన సెలవులకు డబ్బు ఇచ్చేటప్పుడు కూడా అదే 26తో భాగిస్తున్నారేమో చూసుకోండి. కోసేటప్పుడు 26, ఇచ్చేటప్పుడు 30 అయితే గట్టిగా అడగండి.

సరుకు తగ్గిన కోత మాత్రం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. ఆ సరుకును మీకు ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం మీ నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, కోసే ముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి ఉండాలి. ఎవరు కారణమో తేల్చకుండా ఆరుగురి మీద సమానంగా పంచడానికి చట్టంలో చోటు లేదు. జరిమానా ఏ తప్పుకు వేస్తారో ముందే నోటీసు బోర్డులో పెట్టి ఉండాలి, వేసే ముందు మిమ్మల్ని అడగాలి, నెలలో మొత్తం జరిమానాలు జీతంలో మూడు శాతం దాటకూడదు. మీ జీతానికి అది 495 రూపాయలు, కాబట్టి 200 హద్దులోనే ఉంది. నోటీసు ఉందో లేదో అడగండి. ఈ కోతలన్నీ కలిసి జీతంలో సగానికి మించకూడదన్న హద్దు కూడా ఉంది. కార్మిక శాఖ సహాయ కమిషనరుకు రాతపూర్వకంగా ఇచ్చే హక్కు మీకు ఉంది. వెళ్ళేటప్పుడు ఒక్కరే వెళ్ళకండి, ఆరుగురూ కలిసి వెళ్ళండి.

గుంటూరు పంతులు | 10 జనవరి, మధ్యాహ్నం 3.30

ప్రభుత్వ ఉద్యోగుల చీటీ గురించి కూడా ఒక మాట చేర్చనివ్వండి. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా చీటీలో ఈఎస్‌ఐ, ఈపీఎఫ్ ఉండవు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన మాలాంటివారికి సీపీఎస్ (చందా కట్టే పింఛను పథకం) వరుస ఉంటుంది, మూల వేతనం, డీఏ కలిపి అందులో పది శాతం. అంతకు ముందు చేరిన జిల్లా పరిషత్ ఉపాధ్యాయులకు దాని బదులు జడ్‌పీపీఎఫ్ (జిల్లా పరిషత్ భవిష్య నిధి) ఉంటుంది. ఏపీజీఎల్‌ఐ ప్రభుత్వ జీవిత బీమా, జీఐఎస్ సామూహిక బీమా, ఈహెచ్‌ఎస్ ఆరోగ్య పథకం. డీడీఓ కోడు అంటే మన జీతం బిల్లు పెట్టే అధికారి సంఖ్య, సీఎఫ్‌ఎంఎస్ ఐడీ అంటే ఖజానా లెక్కలలో మన సంఖ్య.

ఏపీజీఎల్‌ఐ విషయంలో నేను నేర్చుకున్నది చెబుతాను. మూల వేతనం పెరిగినప్పుడు ప్రీమియం పెంచి కోస్తారు, కానీ పెరిగిన ప్రీమియానికి ప్రతిపాదన ఫారం విడిగా ఇచ్చి బాండు తెచ్చుకోవాలి. నేను రెండేళ్ళ పాటు పెరిగిన మొత్తం కట్టి, బాండు మాత్రం పాతదే పెట్టుకుని కూర్చున్నాను. బీరువాలోని బాండు మీద ఉన్న ప్రీమియం అంకె, చీటీలోని అంకె ఒకటేనా అని మా సహోద్యోగులంతా ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను. సీపీఎస్ వారు ప్రాన్ అనే తమ పింఛను ఖాతాలో తమ వాటా ఒక్కటే కాక ప్రభుత్వ వాటా కూడా నెల నెలా జమ అవుతోందో లేదో చూడాలి.

బెంజి సర్కిల్ ఐటీ | 11 జనవరి, ఉదయం 10.15

హైదరాబాదు సంస్థకు ఇంటి నుంచి పనిచేస్తున్నాను. ఏడాది జీతం తొమ్మిది లక్షలు. ప్రతి నెలా టీడీఎస్ (జీతంలోనే ముందుగా కోసే ఆదాయ పన్ను) 6,734 కోస్తున్నారు. ఇంత జీతానికి పన్ను లేదని వార్తలలో విన్నాను. నాకెందుకు కోస్తున్నారు?

అరండల్‌పేట అకౌంటెంట్ | 11 జనవరి, మధ్యాహ్నం 12.40

ఆ అంకెను బట్టి చూస్తే మీరు ఏప్రిల్‌లో పాత పన్ను విధానాన్ని ఎంచుకుని ఉంటారు. తొమ్మిది లక్షలలో ప్రామాణిక తగ్గింపు 50,000, వృత్తి పన్ను 2,400, మీ పీఎఫ్ 21,600 తీసేస్తే 8,26,000 మిగులుతుంది. దాని మీద పన్ను 77,700, సెస్సుతో కలిపి 80,808. పన్నెండుతో భాగిస్తే 6,734. ఇంటి అద్దె, గృహ రుణం, ఎల్‌ఐసీ వంటివి ఏవీ మీరు చూపించలేదని దీన్ని బట్టి తెలుస్తోంది.

2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో ప్రామాణిక తగ్గింపు 75,000. అది పోగా మిగిలే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. మీది 8,25,000 కాబట్టి కట్టవలసింది ఏమీ లేదు. మార్చి లోపల మార్చడానికి మీ సంస్థ ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోయినా రిటర్ను గడువులోగా వేసేటప్పుడు కొత్త విధానం ఎంచుకోండి, కోసినదంతా తిరిగి వస్తుంది. జూన్ 15 నాటికి సంస్థ ఇచ్చే ఫారం 16, అంటే టీడీఎస్ ధ్రువపత్రం, అందిన తరువాత, అందులోని టీడీఎస్, ఆదాయ పన్ను వెబ్‌సైటులోని 26ఏఎస్ అనే పన్ను జమల పట్టికతో కలుస్తోందో లేదో చూడకుండా రిటర్ను వేయకండి. ఇదీ పీఎఫ్ పాస్‌బుక్ లాంటిదే. చీటీలో కోసినట్లు ఉంటే సరిపోదు, మీ పాన్ మీద జమ అయినట్లు అక్కడ కనిపించాలి.

కృష్ణలంక వాసి | 19 జనవరి, రాత్రి 9.30

జరిగినవి చెబుతున్నాను. పాస్‌బుక్‌లో నవంబరు, డిసెంబరు రెండు వరుసలూ ఉన్నాయి: 1,320, 404, 916. అకౌంటెంటు అన్నగారు చెప్పిన మూడు అంకెలూ అవే గడులలో కనిపించాయి. నామినీగా అమ్మ పేరు పెట్టాను. స్పెషల్ అలవెన్సు గురించి మేనేజరుగారిని అడిగితే అది అందరికీ ఇస్తున్నదేనని ఒప్పుకుని, ఏప్రిల్ నుంచి లెక్క మారుస్తామన్నారు. ఇంకొక సందేహం. ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు ఇచ్చి గ్రాస్ 21,500 చేస్తే ఈఎస్‌ఐ ఆగిపోతుందా? అమ్మకు మోకాళ్ళ నొప్పులకు గుణదలలో చూపిస్తున్నాను.

అరండల్‌పేట అకౌంటెంట్ | 19 జనవరి, రాత్రి 10.10

ఈఎస్‌ఐకి ఏడాదిలో రెండు చందా కాలాలు ఉంటాయి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో 21,000 దాటితే ఆ కాలం చివరి వరకు చందా కోస్తూనే ఉండాలి, వైద్యం కూడా కొనసాగుతుంది. సరిగ్గా ఏప్రిల్ ఒకటి నుంచే దాటితే మాత్రం కొత్త కాలంలో మీరు పథకం బయట ఉంటారు. అయినా ఇప్పటి అక్టోబరు–మార్చి కాలంలో కట్టిన చందాకు ప్రయోజనం మామూలుగా జులై నుంచి డిసెంబరు వరకు ఉంటుంది. మీ అమ్మగారి చికిత్స సాగుతోంది కాబట్టి, ఇంక్రిమెంటును ఏప్రిల్‌కు బదులు మే జీతం నుంచి ఇవ్వగలరేమో అడగండి. ఒక్క నెల పెంపు వదులుకుంటే సెప్టెంబరు వరకు చందా, ఆపైన వచ్చే జూన్ వరకు ప్రయోజనం నిలుస్తాయి. మా దగ్గర ఇద్దరికి అలాగే చేయించాను.

కొత్తపేట నర్సు | 23 జనవరి, సాయంత్రం 7.15

నలుగురం సంతకాలు పెట్టి కాగితం 12వ తేదీన ఇచ్చాము. నకలు మీద సంతకం చేయడానికి మొదట ఒప్పుకోలేదు, మేము అక్కడే నిలబడితే చివరికి చేశారు. ఈరోజు పాస్‌బుక్‌లో ఆగస్టు, సెప్టెంబరు కనిపించాయి. అక్టోబరు, నవంబరు ఇంకా రాలేదు, డిసెంబరు గడువు కూడా దాటిపోయింది. మిగిలినవి నెలాఖరులోగా కడతామని నోటితో చెప్పారు. మేము ఈ రాత్రే వెబ్‌సైటులో ఫిర్యాదు పెడుతున్నాము, సోమవారం రిపబ్లిక్ డే సెలవు కాబట్టి మంగళవారం ఉదయం డ్యూటీ దిగగానే చీటీలు, స్టేట్‌మెంట్లు పట్టుకుని నలుగురం పీఎఫ్ ఆఫీసుకు వెళుతున్నాము. అక్కడ ఏం చెప్పారో వచ్చి రాస్తాను.